నీ గుర్రానికి కాళ్లు తప్పలేదు

తిరుపతి

చిరంజీవులైన మనుమడికి, మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

చిట్టితల్లీ, బ్రహ్మోత్సవాలు చూసి వెళ్లాక నువ్వు గీసిన అశ్వవాహనం బొమ్మ చేరింది. బడిలో దానిని చూసి "గుర్రం కాళ్లు ఇట్లా ఉంటాయా?" అని ఎవరో నవ్వారనీ, అందుకే నీ దగ్గర ఉంచుకోకుండా మాకు పంపించేశావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పినవాణ్ని కనుక ఆ మాటకు జవాబు చెప్పకుండా ఊరుకోలేను. అన్నయ్య కూడా నీ పక్కన కూర్చుని ఈ ఉత్తరం చదవాలి, ఎందుకంటే నవ్వినవారిలో వాడూ ఉన్నాడని విన్నాను.

ఎనిమిదో రోజు రాత్రి మలయప్పస్వామి కల్కి రూపంలో ఊరేగేటప్పుడు నువ్వు చూసినది పరుగెత్తే గుర్రాన్ని కాదు, వాహనాన్ని. మన గుడులలోని గుర్రపు వాహనాలు సాధారణంగా ముందుకాళ్లు రెండూ ఎత్తి, వెనుకకాళ్ల మీద లేచి ఉంటాయి. ఏ గుర్రమూ మాడవీధి పొడవునా అలా నడవలేదు. అయితే ఆ గుర్రానికి నడక దాని కాళ్లది కాదు, తండ్లను, అంటే వాహనం కింది పొడవాటి కర్రలను, భుజాన పెట్టుకుని మోసేవారి కాళ్లది. వారు అడుగు వేసినప్పుడల్లా వాహనం ఊగుతుంది, దానితో పాటు ఎత్తిన కాళ్లు కూడా ఎగిరినట్టు కనిపిస్తాయి. నువ్వు ముందుకాళ్లను గాలిలో, వెనుకకాళ్లను ఒకచోట చేర్చి గీశావంటే చూసినదే గీశావన్న మాట.

ఇప్పుడు అన్నయ్య అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: నిజం గుర్రం పరుగెత్తేటప్పుడు కాళ్లు ఎలా ఉంటాయి? ఈ ప్రశ్నకు మనుషులు వేల ఏళ్లపాటు కంటితోనే జవాబు వెతికారు. కంటికి ఆ వేగం అందదు. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు జెరికో 1821లో ఇంగ్లండులోని ఎప్సమ్ పందాన్ని చిత్రించాడు. అందులో గుర్రాలన్నీ ముందుకాళ్లు ముందుకూ, వెనుకకాళ్లు వెనక్కీ బారచాపి, నేలను తాకకుండా దూసుకుపోతుంటాయి. జెరికోకు గుర్రాలు తెలియవని అనుకోకండి. జీవితమంతా వాటితోనే గడిపినవాడు, గుర్రం మీద నుంచి పడిన దెబ్బల వల్ల ఆరోగ్యం చెడి 32 ఏళ్లకే కన్నుమూసినవాడు.

ఆ తరువాత 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫరు పరుగుబాట పక్కన కెమెరాలను వరుసగా నిలిపి, గుర్రం ఒక్కొక్కదాని ముందుకు రాగానే ఫొటో పడేలా ఏర్పాటు చేశాడు. గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాలిలో ఉండే క్షణం ఉందని ఆ ఫొటోలలో తేలింది. కానీ ఆ క్షణంలో కాళ్లు బారచాపి ఉండవు, పొట్టకిందికి ముడుచుకుని ఉంటాయి! అన్ని శతాబ్దాలుగా గీసిన పరుగుగుర్రాలన్నీ ఒక్కరోజులో తప్పుల లెక్కలోకి వెళ్లిపోయాయి. కొందరు చిత్రకారులు తమ పద్ధతి మార్చుకున్నారు. రోడాన్ అనే శిల్పి మాత్రం జెరికో పక్షాన నిలిచాడు. కాలం నిజంగా ఆగదు కదా, ఒక క్షణాన్ని కోసి చూపే ఫొటోలో పరుగు గడ్డకట్టుకుపోతుంది, చిత్రకారుడు రెండు మూడు క్షణాలను ఒకే ఒంట్లో కలిపి చూపుతాడు కనుకనే గుర్రం పరుగెత్తుతున్నట్టు తోస్తుంది అన్నది ఆయన వాదం. నా మొగ్గు రోడాన్ వైపే. ఫొటో చూసి మక్కికి మక్కి గీసిన గుర్రాలు తడబడి పడబోతున్నట్టు ఉండడం మీరు కూడా గమనించవచ్చు.

కాళ్ల సంగతి వస్తువును బట్టి కూడా మారుతుంది. వచ్చే సెలవుల్లో మిమ్మల్ని వేలూరు కోటలోని జలకంఠేశ్వర ఆలయానికి తీసుకువెళతాను. విజయనగర కాలపు ఆ కల్యాణమండపం స్తంభాలలో రౌతులతో సహా లేచి నిలిచిన గుర్రాలు ఉన్నాయి. వాటి డెక్కల కింద ఏముందో ముందు చూడండి. బంటులో, మృగాలో తప్పక ఉంటారు. అవి యుద్ధాన్నో వేటనో చూపడానికి మాత్రమే కాదు. రాతిలో కాలు సన్నగా గాలిలో వేలాడితే విరుగుతుంది, కనుక శిల్పి కాలికింద ఏదో ఒకటి ఉంచాలి. ఆ అవసరాన్ని కథగా మార్చడంలోనే అతని నేర్పు ఉంది. కంచుకు ఈ ఇబ్బంది తక్కువ. చైనాలోని గాన్సులో 1969లో ఒక సమాధిలో దొరికిన కంచుగుర్రం మూరెడు కూడా ఉండదు. దాదాపు 1,800 ఏళ్ల నాటి ఆ గుర్రం మూడు కాళ్లు గాలిలో ఉంచి, నాలుగో కాలిని ఎగిరే పక్షి వీపు మీద మోపి నిలుస్తుంది. తనను దాటిపోతున్నది ఏమిటా అని ఆ పక్షి తల తిప్పి చూస్తుంటుంది.

విగ్రహంలో గుర్రం ఎన్ని కాళ్లు ఎత్తిందో దాన్ని బట్టి రౌతు ఎలా చనిపోయాడో తెలుస్తుందంటూ ఫోనుల్లో తిరిగే మాటను మాత్రం నమ్మకండి. శిల్పులు అలాంటి నియమమేదీ పాటించలేదు.

చైనాలోనే ఎనిమిదో శతాబ్దంలో హాన్ గాన్ అనే చిత్రకారుడు చక్రవర్తి గుర్రాన్ని గుంజకు కట్టినట్టు గీశాడు. పరుగు లేదు. కట్టుతాడును తెంచుకోబోతున్న ఆ మెడా, కంగారు నిండిన కన్నూ చాలు. మరో చిత్రకారుణ్ని చూసి నేర్చుకోమని చక్రవర్తి చెబితే, తమ శాలలోని గుర్రాలే తనకు గురువులని బదులిచ్చాడని చెబుతారు. వెయ్యేళ్ల తరువాత ఇంగ్లండులో స్టబ్స్ అనే చిత్రకారుడు చనిపోయిన గుర్రాల కండరాలను పొర తరువాత పొర విప్పి చూసి, 1766లో వాటి బొమ్మలతో పుస్తకం అచ్చువేశాడు. ఇద్దరూ గుర్రం దగ్గరే నేర్చుకున్నారు గానీ, ఒకరి గుర్రం మరొకరి గుర్రంలా లేదు. మన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ 1950లలో చైనా వెళ్లి అక్కడి చిత్రకారుడు షూ బేహోంగ్ సిరాతో గీసిన గుర్రాలను చూసి వచ్చాడు. హుసేన్ గుర్రాలకు కాళ్లు నాలుగైదు గీతలే.

ఇక మన పక్కనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీ సంగతి. కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, కాల్చిన చింతపుల్లతో ముందు గురుతుగా గీసుకుని, వెదురుకలంతో బెల్లమూ ఇనుమూ నానబెట్టిన నల్లరంగు అద్దుతారు. ఆ నలుపు పడిందంటే చెరపడం కుదరదు. అందుకే లవకుశులు పట్టుకున్న యాగాశ్వాన్ని గీసే చెయ్యి సందేహించదు, మెడ నుంచి తోక దాకా ఒకే వంపుగా సాగిపోతుంది. మన ఇంట్లో నడవా గోడకు ఉన్న ఆ తెరను ఈసారి వచ్చినప్పుడు దగ్గరగా చూడండి. అందులో గుర్రం కాలు ఒకటి మిగతావాటికన్నా పొట్టిగా ఉంటుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, నాయనమ్మ చెప్పేదాకా నేను కూడా గమనించలేదు.

తల్లీ, నీ బొమ్మను మడత పోయేలా పాత పంచాంగం కింద బరువు పెట్టి ఉంచాను. తోక దగ్గర రంగు వేయడం మరిచిపోయావు, వచ్చినప్పుడు పూర్తి చేద్దువుగాని. అన్నయ్యను ఒక గుర్రం గీసి వెంట తెమ్మను, వాడి గుర్రం కాళ్లు కూడా చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య