డాబా మీద సోలార్: ఎంత పెద్దది పెడితే అంత లాభమా?

"పక్కింటాయన ఐదు కిలోవాట్లు పెట్టించాడండీ. మాకూ ఐదే పెట్టండి."

తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో డాబాల మీద సోలార్ ప్లాంట్లు బిగించే పని మాది. డాబా సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చినప్పటి నుంచి మాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. మీకు నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయండీ అంటే మాత్రం జవాబుండదు. "అదంతా మా అబ్బాయికి తెలుసు, మీరు పెట్టేయండి" అంటారు. వెనకాలే అసలు మాట బయటికొస్తుంది: "మిగిలిన కరెంటు గవర్నమెంటుకు అమ్ముకోవచ్చటగా!"

జనం జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెడుతున్న అపోహ ఇదే. ఐదు కిలోవాట్ల ప్లాంటు అమ్మితే మాకూ నాలుగు డబ్బులు ఎక్కువ మిగులుతాయి, కాబట్టి దీని గురించి మా వ్యాపారంలో ఎవరూ గట్టిగా చెప్పరు.

మొన్నామధ్య ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లాం. ఆయనకూ ఐదే కావాలి. ఏడాది బిల్లులు తెప్పించి సగటు తీస్తే నెలకు 300 యూనిట్లు తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి శ్లాబులు తెలిసినవే: మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఈ లెక్కన 300 యూనిట్లకు 1,673 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, ట్రూఅప్ (పాత ఖర్చుల తేడా కింద తర్వాత వేసే చార్జీ) పక్కన పెట్టాను.

ఒక కిలోవాట్ ప్లాంటు మన దగ్గర రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకు 120. మాస్టారు ఒకటే కిలోవాట్ పెడితే బిల్లుకు వచ్చేవి 180 యూనిట్లు, 747 రూపాయలు. 926 మిగిలాయి. రెండో కిలోవాట్ కూడా పెడితే 60 యూనిట్లే, 147 రూపాయలు. ఇక్కడ ఇంకో 600 మిగిలాయి. ఇప్పుడు మూడోది. తగ్గడానికి ఇక ఉన్నది ఆ 147 రూపాయలే! మొదటి కిలోవాట్ పెట్టినా మూడోది పెట్టినా అవే ప్యానెళ్లు, అదే ఎండ. అయినా ఒకటి నెలకు 926 మిగిల్చింది, ఇంకొకటి 147. సోలార్ యూనిట్ బిల్లులో పైనుంచి కోసుకుంటూ వస్తుంది. ముందు 8.75 రూపాయల యూనిట్లు పోతాయి, తర్వాత 6 రూపాయలవి, చివరికి దొరికేవి రెండు మూడు రూపాయల యూనిట్లు. వాటిని ఆపడానికి వేలు పోసి ప్యానెళ్లు పెడుతున్నాం.

సబ్సిడీ కూడా ఇలాగే మెట్లు దిగుతుంది. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున 60 వేలు, మూడోదానికి 18 వేలు, అక్కడితో 78 వేల దగ్గర ఆగిపోతుంది. నాలుగు, ఐదు పూర్తిగా మన సొంత డబ్బు.

మరి అమ్ముకునేది? నెట్ మీటర్ అంటే మీరు లైన్‌లోంచి తీసుకున్నదీ లైన్‌లోకి పంపినదీ రెండూ లెక్కపెట్టే మీటర్. పంపిన యూనిట్లను ముందు మీరు వాడుకున్న యూనిట్లలోంచే తీసేస్తారు. ఈ నెల మిగిలినవి పై నెలకు వెళ్తాయి. లెక్క తేల్చే సెటిల్‌మెంట్ గడువు నాటికి ఇంకా మిగిలుంటే వాటికి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) డబ్బిస్తుంది, ఇవ్వదని కాదు. అయితే ఆ ధర మీరు పై శ్లాబులో కట్టే 8.75 కాదు, అంతకు బాగా తక్కువ. ఐదు కిలోవాట్లు పెడితే మాస్టారి ఇంట్లో సగం కరెంటు ఆ ధరకే పోతుంది. నెలనెలా అద్దె వచ్చినట్టు డబ్బొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మాస్టారు ఇదంతా కాగితం వెనక రెండుసార్లు వేసి చూసుకున్నారు. మూడోదానికి సబ్సిడీ పోను ఓ 30 వేలు అనుకున్నా, నెలకు 147 చొప్పున తీరడానికి పదిహేడేళ్లు. మొదటి రెండింటికీ సబ్సిడీ పోను 70 వేల లోపే అవుతుంది, అది నాలుగేళ్లలో తీరిపోతుంది. "ఈ లెక్క నాకెవరూ చెప్పలేదయ్యా" అన్నారు. పదో తరగతి పిల్లలకు ఇంతకంటే కష్టమైనవి చెప్పిన మనిషి! వేసవిలో ఏసీ, శీతాకాలంలో ఏమీ లేకపోవడం వల్ల నెలనెలా ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి, నిజమే. అందుకే ఒక్క నెల బిల్లు చూసి సైజు చెప్పేవాణ్ణి దగ్గరికి రానివ్వద్దు.

పెద్దది పెట్టాల్సిన ఇళ్లూ ఉన్నాయి. నెలకు 500 యూనిట్లు దాటే ఇంటికి మూడు కిలోవాట్లు తక్కువే. ఎలక్ట్రిక్ కారు కొనబోతున్నారా? వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు తింటుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 150 యూనిట్లు, అంటే దానికే కిలోవాట్ పైన కావాలి. స్కూటరైతే వందకు మూడు, మూడున్నర యూనిట్లు. దానికోసం ప్లాంటు పెంచక్కర్లేదు. రాత్రి చార్జింగ్ పెడితే సోలార్ ఎలా పనికొస్తుందని అడుగుతుంటారు. పగలు మీరు లైన్‌లోకి పంపిన యూనిట్లు లెక్కలో ఉంటాయి, రాత్రి తీసుకున్నవి అందులోంచి పోతాయి, అంతే. కరెంటు బండి కూడా బొగ్గు మీద నడిచేదేగా అని వెక్కిరించే బావమరిది ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. పెట్రోల్ ఇంజిన్‌లో పోసినదాంట్లో పావువంతో కాస్త ఎక్కువో చక్రానికి చేరుతుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. మోటారు సంగతి అలా కాదు. ఆ పైన మీ డాబా మీదే కరెంటు తయారవుతుంటే ఇక ఆ వాదన దేనికి?

పై వాటాకూ కింది వాటాకూ వేర్వేరు మీటర్లుంటే జాగ్రత్త. మామూలు నెట్ మీటరింగ్‌లో ప్లాంటు ఏ సర్వీసు నంబరుకు పెడితే ఆ బిల్లే తగ్గుతుంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న చుట్టాలు నన్ను అడిగినప్పుడు ఇప్పుడు మీకెందుకు, ఊరుకోండి అనే చెబుతాను.

ఇక మిగతా అపోహలు.

"పథకం పేరులోనే ముఫ్త్ (ఉచితం) ఉంది, ప్యానెళ్లు ఫ్రీ." మామూలు ఇంటికి ఫ్రీ కాదు. డబ్బు ముందు మీరు పెట్టుకోవాలి, లేదా బ్యాంకు లోను తీసుకోవాలి. ప్లాంటు బిగించి, నెట్ మీటర్ పెట్టి, తనిఖీ అయ్యాక సబ్సిడీ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. "సబ్సిడీ శాంక్షన్ చేయిస్తాం, ముందు ఐదు వేలు కొట్టండి" అని ఫోన్ వస్తే కట్ చేయండి. ఇంకోటి, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందో ముందే చూసుకోండి. ఎప్పుడో పోయిన తాతగారి పేరుతో ఇప్పటికీ బిల్లులు వచ్చే ఇళ్లు మా వైపు కోకొల్లలు. ఒక ఇంట్లో ప్యానెళ్లు వచ్చి వరండాలో గోడకు ఆనించి ఉన్నాయి, అన్నదమ్ములు ముగ్గురూ పేరు ఎవరి మీదకు మార్చాలో తేల్చుకోలేక కూర్చున్నారు. ఆ పంచాయితీ ఏదో ఆర్డర్ ఇవ్వకముందే తెంచుకోండి.

"కరెంటు పోయినా మాకు ఫ్యాన్లు తిరుగుతాయి." తిరగవు. బ్యాటరీ లేకుండా నేరుగా లైన్‌కు కలిపే ఆన్‌గ్రిడ్ ప్లాంటు లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోతుంది, ఎంత ఎండున్నా సరే. అది లోపం కాదు. స్తంభమెక్కి పనిచేస్తున్న లైన్‌మన్‌కు మీ డాబా మీంచి కరెంటు వెళ్లకూడదు కదా. ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్, బ్యాటరీ ఎప్పటిలాగే పనిచేస్తాయి. కోతలు ఎక్కువున్న ఊళ్లయితే బ్యాటరీ కూడా ఉండే హైబ్రిడ్ ఆలోచించండి, ఖర్చు బాగా పెరుగుతుంది.

"ఎండ మండితే కరెంటు దంచేస్తుంది." ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వెనక చెయ్యి పెడితే నిలవదు, లోపల సెల్ 60 డిగ్రీలు దాటి ఉంటుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుందనుకుంటే, పన్నెండు శాతం పైనే పోయినట్టు. మంచి యూనిట్లు ఫిబ్రవరి, మార్చిలో చూస్తారు. అందుకే ప్యానెళ్లను డాబాకు అతుక్కునేలా కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టించుకోండి.

"మూల మీద కాస్త నీడేగా!" ఇదీ ఖరీదైనదే. ప్యానెల్‌లో సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. ఒక మూల వాటర్ ట్యాంకు నీడ పడితే ఆ మూల మాత్రమే తగ్గి ఊరుకోదు, ప్యానెల్‌లో మూడోవంతు ఒక్కసారిగా లెక్కలోంచి తప్పుకుంటుంది. పిట్టగోడ నీడ కింది అంచంతా పరుచుకుంటే ఇంకా దారుణం. సర్వేకు వచ్చినవాడు ఉదయం తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకీ నీడ ఎక్కడ పడుతుందో అడక్కుండా టేపు చుట్టేసుకుని వెళ్లిపోతే ఇంకొకరిని పిలవండి. డిసెంబర్‌లో నీడలు మరీ సాగుతాయి, పక్కింటి కొబ్బరిచెట్టును అప్పుడు గుర్తుపెట్టుకోవాలి.

పిడుగు గురించి పెద్దవాళ్లు భయపడతారు. ఆ భయాన్ని చూసి నవ్వే కుర్రాళ్లంటే నాకు ఒళ్లు మంట. మనవలు డాబా మీద ఆడుకునే ఇల్లు అది, అమ్మమ్మ అడగడం న్యాయమే. మూడు ఎర్తింగ్ గుంటలు విడివిడిగా తవ్వాలి: ప్యానెళ్ల డీసీ కరెంటు వైపు ఒకటి, ఇంటికొచ్చే ఏసీ కరెంటు వైపు ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. బిగించే రోజు దగ్గరుండి చూడండి. ఒకే గుంటలో మూడు వైర్లూ దింపుతుంటే అక్కడే ఆపేయండి.

కడగడానికి మధ్యాహ్నం ఎక్కకండి, కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోయకూడదు. పొద్దున్నే ఎక్కండి, మెత్తటి గుడ్డ చాలు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అద్దం మీద తెల్లటి పొర కడుతుంది, ఆ పొరే నీడలా పనిచేస్తుంది. కోతులున్న ఊళ్లలో ప్యానెల్ వెనక వైర్లు వేలాడకుండా పైపులో దూర్చి బిగించమని చెప్పండి. అవి వేలాడే వైరు కనిపిస్తే లాగి చూడకుండా పోవు.