కత్తి కింద పెట్టేది చివరి పది నిమిషాల్లోనే

సీమ కథతో ఒక టీజర్ వస్తుంది. కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో అభ్యంతరాలు లేస్తాయి. ‘ఫ్యాక్షన్ వద్దనే కదా మేం చెబుతున్నది, క్లైమాక్స్ చూసి మాట్లాడండి’ అంటారు సినిమావాళ్లు. మళ్లీ అదే పంచాయితీ. పాలెగాళ్ల నుంచి ఎత్తుకునే చరిత్ర అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. ఈ తగువుకు మూలం 1999 సంక్రాంతి.

ఆ పండక్కి ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. తన చేతిలో పొరపాటున చనిపోయిన పనివాడి చెల్లెళ్లకు హీరో అన్నగా బతుకుతుంటాడు. కథ ప్రకారం అది పశ్చాత్తాపం. ఈలలు పడింది మాత్రం ఫ్లాష్‌బ్యాక్‌లో తొడగొట్టిన సమరసింహారెడ్డికి. కిటుకంతా ఇక్కడే ఉంది. హీరో ఇప్పుడు కత్తి వదిలేశాడు కాబట్టి అప్పట్లో ఎన్ని తలలు నరికినా ప్రేక్షకుడికి పాపం అంటదు. ‘నరసింహనాయుడు’ (2001)లో డ్యాన్స్ మాస్టరు, ‘ఇంద్ర’ (2002)లో కాశీలో ట్యాక్సీ నడిపేవాడు... వేషాలు మారాయి, కొలత అదే.

‘సమరసింహారెడ్డి’కి ఏడాది పైచిలుకు ముందే అసలు ఫ్యాక్షన్ సినిమావాళ్ల గడప దాకా వచ్చింది. 1997 నవంబర్ 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో అనంతపురం జిల్లా నాయకుడు పరిటాల రవి లక్ష్యంగా కారు బాంబు పేలింది. ఆయన ఒక సినిమా ప్రారంభోత్సవానికి వచ్చి వెళ్తున్నాడు. ఆయన బతికాడు. పోయినవాళ్లలో ఈటీవీ సిబ్బంది ఉన్నారు, ఏ పగతోనూ సంబంధం లేనివాళ్లు. అది కళ్లారా చూసిన పరిశ్రమ తెర మీదికి తెచ్చింది గాల్లోకి లేచే సుమోలను!

సీమవాళ్లు ఎరిగిన ఫ్యాక్షన్ వేరు. రాత్రికి రాత్రి ఎదుటివాడి చీనీ (బత్తాయి) తోట నరికేస్తారు. బోర్లు వేసి, అప్పులు తెచ్చి, ఏళ్ల తరబడి సాకితే గానీ కాపుకు రాని చెట్లు తెల్లారేసరికి మొదళ్లుగా మిగులుతాయి. గడ్డివాములు తగలబడతాయి. కేసుల కోసం భూములు అమ్ముకుంటారు, పిల్లల్ని దూరాన బంధువుల ఇళ్లలో ఉంచి చదివిస్తారు. ఇందులో స్లో మోషన్‌కు పనికొచ్చేది ఏదీ లేదు. అందుకే కాబోలు, తోట పోగొట్టుకున్న రైతు బాధ మీద ఇంటర్వెల్ వేసినవాడు కనబడడు. హైదరాబాద్‌లో గది అద్దెకు అడిగితే ‘మీ ఊళ్లో బాంబులేస్తారటగా’ అని నవ్వులపాలయ్యేది మాత్రం మన పిల్లలే.

2018 నాటి ‘అరవింద సమేత’ను ఈ వరసలో కట్టేయడం కొంత అన్యాయమే. అయిదు రూపాయల పేకాట దగ్గర పుట్టిన పగ ఎంత అర్థం లేనిదో అది చెప్పింది, ఆడవాళ్ల గోడు విన్నది. అయితే అంతా చెప్పబోయే ముందు చొక్కా విప్పిన హీరోతో పెద్ద నరుకుడు ఒకటి పెట్టుకుంది. 2023 సంక్రాంతికి ‘వీరసింహారెడ్డి’ వచ్చేసరికి ఆ మొహమాటమూ పోయింది.

సీడెడ్‌లో (సినిమా వ్యాపారంలో సీమకు పేరు) వసూళ్లు ఇచ్చింది మీరే కదా అంటారు నిర్మాతలు. నిజమే, బెనిఫిట్ షోలకు ఎగబడిందీ మనవాళ్లే. కానీ క్లైమాక్స్ చూడమని చెప్పే ఇదే నిర్మాతలు టీజర్లోకి క్లైమాక్స్ ముక్క ఒక్కటి తీసుకోరు. టీజర్లో ఉండేది కొడవలి, జీపులు, తొడ.