పది సెకన్ల సూట్, నాలుగు సెంటీమీటర్ల హెల్మెట్

మా పిన్ని కొడుక్కి రేసింగ్ పిచ్చి. హైదరాబాద్‌లో అద్దె కార్ట్‌లు (టాప్ లేని బుల్లి రేసు బండ్లు) తిప్పీ తిప్పీ విసుగొచ్చి, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో సెలూన్ కార్ల, అంటే రోడ్డు మీద తిరిగే రకం టాప్ ఉన్న కార్ల రేసుకి దిగుతానన్నాడు. నెల తిరక్కుండానే ఒక పార్సిల్ చంకలో పెట్టుకుని వచ్చాడు. ఎర్రటి రేసింగ్ సూట్, వీపు మీద వాడి పేరు. "సగం ధరకే వచ్చింది అన్నా" అన్నాడు. కాలర్ తిప్పి లేబుల్ చూశాను. అది కార్ట్ సూట్.

"అయితే ఏంటి? రెండూ రేసింగ్ సూట్లే కదా!"

కాదు. కార్ట్‌కి సీట్ బెల్ట్ ఉండదు. బోల్తా కొడితే మనిషి దాని కింద నలగకుండా బయటికి పడిపోవాలన్నదే అక్కడి లెక్క. పడ్డవాడు తారు మీద జారుకుంటూ పోతాడు కాబట్టి, చర్మం చెక్కుకుపోకుండా చూడడమే కార్ట్ సూట్ పని. అందుకే దాని పై బట్ట సాధారణంగా నైలాన్ జాతి గట్టి నేత. కార్లో అయితే మనిషిని సీటుకి కట్టేస్తారు. అతను ఎగిరిపడడు, ఇరుక్కుంటాడు. అక్కడ భయం రాపిడితో కాదు, మంటతో. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 265 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగి ఒంటికి అంటుకుంటుంది.

కారు రేసు సూట్లలో ఎక్కువగా వాడేది నోమెక్స్. 1960లలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన పీచు ఇది. వేడి తగిలితే కరగదు. నల్లగా మాడి, మందంగా ఉబ్బి, మంటకీ చర్మానికీ మధ్య గోడలా నిలబడుతుంది. అలాగని ఎంతసేపైనా నిలబడదు. ఎంతసేపన్నదే కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న, దానికి జవాబు లేబుల్ మీదే ఉంటుంది. రేసు సామానుకి ప్రమాణాలు పెట్టే అమెరికాలోని ఎస్ఎఫ్ఐ సంస్థ బట్ట మీద చదరపు సెంటీమీటరుకి సెకనుకు 2 కేలరీల వేడి పోసి, అవతలి వైపు చర్మం బొబ్బలెక్కే స్థాయికి ఎంతసేపట్లో చేరుతుందో కొలుస్తుంది. 3.2ఎ/1 అని రాసున్న ఒంటి పొర సూట్ ఇచ్చేది సుమారు 3 సెకన్లు. 3.2ఎ/5 అని ఉంటే సుమారు 10 సెకన్లు. చూడ్డానికి రెండూ ఒకేలా మెరుస్తాయి. ఆ గీత పక్కన ఉన్న అంకెలోనే ఏడు సెకన్లు దాక్కుని ఉన్నాయి.

ఏడు సెకన్లకి ఇంత గొడవెందుకు అనిపించొచ్చు. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో రొమాన్ గ్రోజాన్ ఫార్ములా వన్ కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప కంచెని గుద్ది రెండు ముక్కలై అంటుకుంది. ఆయన మంటల్లోంచి బయటపడేసరికి దాదాపు 27 సెకన్లు పట్టింది. ముఖ్యంగా కాలింది చేతులే. పొరలు పలచగా ఉండేది గ్లవ్స్ దగ్గరే మరి.

బట్ట కంటే పొరల మధ్య చిక్కుకున్న గాలి ఎక్కువ కాపాడుతుంది. కాబట్టి సూట్ ఒంటికి బిగుతుగా ఉండకూడదు. నిలబడి కాదు, స్టీరింగ్ పట్టుకున్నట్టు కూర్చుని చూసుకోవాలి. కూర్చున్నప్పుడు పాదం మీద చీలమండ కనిపించిందంటే ఆ సైజు పనికిరాదు. లోపల నోమెక్స్ బనియన్, పైజామా వేసుకుంటే ఇంకొన్ని సెకన్లు కలుస్తాయి. చెమట పీల్చే జిమ్ టీషర్ట్ మాత్రం వద్దు, అది పాలిస్టర్. పేరు కుట్టించుకునే సరదా ఉంటే దారం కూడా నోమెక్స్‌దే కావాలి. మామూలు దారమైతే కరిగి, కుట్టు వెంట లోపలికి దారి చూపిస్తుంది. మావాడి పేరు ఏ దారంతో కుట్టారని అడిగితే ఆ అమ్మినవాడి దగ్గర జవాబు లేదు.

హెల్మెట్ సంగతికి వస్తే వాడి దగ్గర ఖరీదైనదే ఉంది. బైక్ హెల్మెట్, ఐఎస్ఐ మార్క్‌తో సహా. బైక్ మీద అది మంచిదే, అనుమానం లేదు. కానీ బైక్ మీదనుంచి పడ్డవాడి తల సాధారణంగా రోడ్డుకో రాయికో కొట్టుకుంటుంది. కార్లో ఉన్నవాడి తల రోల్ కేజ్ (కారు తిరగబడ్డా నలగకుండా లోపల బిగించే చట్రం) ఇనుప గొట్టానికి మళ్లీ మళ్లీ కొట్టుకుంటుంది. పైగా మంట. అమెరికాలో 1956లో పీట్ స్నెల్ అనే రేసర్ హెల్మెట్ కాపాడలేక చనిపోతే, మిత్రులు మరుసటి ఏడాది ఆయన పేరుతో స్నెల్ ఫౌండేషన్ పెట్టారు. బైకులకి ‘ఎం’, కార్లకి ‘ఎస్ఏ’ అని వాళ్లు విడివిడిగా ముద్ర వేస్తారు. ఎస్ఏ హెల్మెట్‌ని గొట్టం ఆకారపు ఇనుము మీద కొట్టి చూస్తారు, లోపలి గుడ్డ అంటుకుంటుందేమో కాల్చి చూస్తారు. బైక్ హెల్మెట్‌కి ఆ నిప్పు పరీక్ష లేదు.

లోపల తలని కాపాడేది మాత్రం రెండింటిలోనూ ఒకటే, మన టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ జాతి నురగ. మూడు నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు అది నలుగుతూ తలని మెల్లగా ఆపుతుంది. ఒకసారి నలిగింది మళ్లీ ఉబ్బదు. పై పెంకు మీద గీత కూడా లేకపోవచ్చు, లోపల మాత్రం పని అయిపోయి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ సూట్ చూసి కొంటే కొనండి, సెకండ్‌హ్యాండ్ హెల్మెట్ జోలికి మాత్రం పోకండి. దాని చరిత్ర అమ్మేవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

షాపులో పెట్టుకుని చూసేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. బుగ్గలూ నుదుటి చర్మమూ హెల్మెట్‌తో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది వదులు. స్ట్రాప్ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి లాగి ముందుకి ఊడదీయడానికి ప్రయత్నించండి. ఊడొస్తే అక్కడే వదిలేసి రండి. ఇరవై నిమిషాలు అలాగే ఉంచుకుని తీశాక నుదుటి మీద ఒకే చోట ఎర్రటి మచ్చ పడితే, ఆ పెంకు మీ తల ఆకారానికి సరిపడదు. సేల్స్ అబ్బాయి విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. 1976లో జర్మనీలోని న్యూర్‌బుర్గ్‌రింగ్ ట్రాక్‌లో ఫార్ములా వన్ రేసర్ నికీ లౌడా ముఖం, తల అంత ఘోరంగా కాలడానికి ఒక కారణం, గుద్దుకున్నప్పుడు హెల్మెట్ తలమీదనుంచి ఊడిపోవడమే.

ఇక మావాడు అసలు పట్టించుకోనిది మెడ. ఒక చిన్న లెక్క వేద్దాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో గోడని గుద్దిన కారు అర మీటరు నలిగి ఆగిందనుకోండి. సగటున 50 జీ, అంటే బరువుకి 50 రెట్ల విసురు వస్తుంది. తల, హెల్మెట్ కలిపి ఆరు కిలోలైతే, ఆ క్షణంలో అవి 300 కిలోల బరువుగా ముందుకి లాగుతాయి. ఛాతీని బెల్టులు పట్టుకుంటాయి. తలని పట్టుకునేది మెడ ఒక్కటే. పుర్రె అడుగుభాగం విరిగేది ఇలాంటప్పుడే. అమెరికాలో ఈ రకం మరణాలు చూసి రేసర్ జిమ్ డౌనింగ్, ఆయన బావ అయిన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్ కలిసి 1980లలో హాన్స్ అనే పరికరం చేశారు. భుజాల మీద కాడిలా కూర్చుంటుంది, దాని మీదుగా బెల్టులు వస్తాయి, రెండు పట్టీలు హెల్మెట్‌కి తగులుకుంటాయి. తల విసురు మెడ మీద కాకుండా బెల్టుల మీద పడుతుంది. అంతే.

ఇంత సింపుల్ వస్తువుని చాలాకాలం రేసర్లు అడ్డుగా ఉందని పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరి 18న అమెరికాలోని డేటోనా ట్రాక్‌లో రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగుభాగం విరిగి చనిపోయాక, ఆ ఏడాది అక్టోబర్‌లో అక్కడి కార్ల రేసు సంస్థ నాస్కార్ ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్‌లో 2003 నుంచి. కార్ట్‌ల్లో మెడకి చుట్టుకునే స్పాంజి కాలర్ దీనికి బదులు కాదు, పేరుకి మాత్రమే మెడ గార్డ్. అలాగే బెల్టులు లేని కార్ట్‌లో హాన్స్‌కీ పనిలేదు. ఒకదాన్ని నమ్ముకుని ఇంకొకటి పనిచేస్తుంది.

బెల్టుల్లో నడుము పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. భుజం పట్టీలు దాన్ని పైకి లాగేస్తాయి కాబట్టి కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ తప్పదు. ఎండకి పట్టీ నేత బలహీనపడుతుంది, ఒక యాక్సిడెంట్‌లో సాగిందంటే దాని పని అయిపోయినట్టే. ఎస్ఎఫ్ఐ బెల్టులకి రెండేళ్లే గడువు. ప్రపంచ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ ముద్ర ఉన్న బెల్టు మీద ఏ సంవత్సరం వరకు పనికొస్తుందో అచ్చు వేసే ఉంటుంది. రోజూ ఆఫీసుకి వెళ్లే కారులో, రోల్ బార్ (టాప్ నలగకుండా ఆపే ఇనుప గొట్టం) లేకుండా ఈ బెల్టులు మాత్రం బిగించొద్దు. కారు తిరగబడి టాప్ నలిగితే, పక్కకి ఒరగడానికి కూడా వీల్లేకుండా మనిషిని నిటారుగా కట్టేసి ఉంచుతాయి.

గ్లవ్స్, బూట్లు, బాలక్లావా (హెల్మెట్ కింద తలకీ ముఖానికీ తొడిగే ముసుగు) గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నిప్పుకి తట్టుకునేవి కొంటే చాలు. చెన్నై ఉక్కలో ఇవన్నీ వేసుకుంటే చెమటతో తడిసిపోతారు. గ్రిడ్ మీద, అంటే రేసు మొదలయ్యే వరసలో నిలబడ్డప్పుడే నీళ్లు తాగాలి. జిప్ కిందికి దించుకుని, చేతులు మడిచి కార్లో కూర్చునేవాళ్లని చూశాను. డబ్బు పోసి కొన్న పది సెకన్లని వాళ్లు అలా పారేసుకుంటారు.

మావాడు కార్ట్ సూట్ వెనక్కి పంపి, హెల్మెట్, హాన్స్ ముందు కొన్నాడు. పేరూ బొమ్మలూ లేని సాదా 3.2ఎ/5 సూట్ రెండు నెలల తర్వాత వచ్చింది. రేసుకి ముందు షెడ్‌లో ఆగి ఉన్న కార్లో వాణ్ని అన్నీ తొడిగి, బెల్టులు బిగించి కూర్చోబెట్టి, "మంట" అని అరిచి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కాను. స్టీరింగ్ ఊడదీశాడు, బెల్ట్ విప్పాడు, హాన్స్ కిటికీ వలకి తట్టుకుంది, కాలు గొట్టానికి తగిలింది. నేల మీద పడేసరికి 19 సెకన్లు.

సూట్ ఎన్ని సెకన్లదో వాడికి తెలుసు. ఏం మాట్లాడకుండా లేచి మళ్లీ కార్లోకి దూరి, "ఇంకోసారి పెట్టన్నా" అన్నాడు.