మందు కొట్టకపోతే ఆర్గానిక్ పత్తి అయిపోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను వరంగల్, హనుమకొండ జిల్లాల్లో ఆర్గానిక్ పత్తి రైతు సంఘాలతో ఫీల్డ్ పని చేస్తాను. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి రావడం మొదలైందంటే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి ఒక్క మందు కూడా కొట్టలేదు. ఆర్గానిక్ రేటు ఇప్పిస్తారా?" పత్తి ఏరి ఇంట్లో పోసుకున్నాక అడుగుతారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే ఈ ఒక్క అపోహ గురించి వివరంగా, మిగతావాటి గురించి క్లుప్తంగా రాస్తున్నాను.

అపోహ: పురుగుమందు, యూరియా మానేస్తే ఆ ఏడే ఆర్గానిక్ రేటు వస్తుంది.

వాస్తవం: రాదు. ముందు విత్తనం చూస్తారు. వేసింది బీటీ, అంటే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన విత్తనం అయితే చేనులో చుక్క మందు పడకపోయినా అది ఆర్గానిక్ కాదు. మన దుకాణాల్లో దొరికే పత్తి ప్యాకెట్లు దాదాపు అన్నీ బీటీవే. నాన్ బీటీ విత్తనం ఎండాకాలంలోనే వెతుక్కోవాలి, మృగశిర వానలు పడ్డాక షాపుకు పోతే దొరకదు.

రాయపర్తి వైపు ఒక పెద్దమనిషి చేనులో ఆకు నలిపి స్ట్రిప్ పరీక్ష పెట్టాం. నిమిషాల్లో రెండు గీతలు పడ్డాయి, అంటే బీటీ. బాపు నమ్మలేదు, ఇంకో సాలులో ఆకు తెంపుకొచ్చి ఇచ్చాడు. మళ్లీ రెండు గీతలే. షాపులో నాన్ బీటీ అని చెప్పి బిల్లు లేకుండా అంటగట్టారు. బిడ్డ పెళ్లికి చేసిన అప్పు ఈ పంటతో తీరుతుందని ఆయన లెక్క వేసుకున్నాడు. ఆ పత్తి మామూలు రేటుకే పోయింది. దయచేసి బిల్లు తీసుకోండి, ఖాళీ ప్యాకెట్ దాచుకోండి. లాట్ నంబర్ లేకపోతే మీ తరఫున మేం కూడా గట్టిగా మాట్లాడలేం.

తర్వాత భూమి. ఎగుమతి కంపెనీలు అడిగే ఎన్‌పీవోపీ (కేంద్ర ప్రభుత్వ ఆర్గానిక్ ప్రమాణం) సర్టిఫికెట్‌కు, ఏడాది పంటలకైతే విత్తే నాటికి కనీసం 2 ఏళ్ల మార్పిడి కాలం, అంటే రసాయనాలు మానేసి ఆర్గానిక్ పద్ధతిలో సాగు చేసిన కాలం, గడవాలి. ఆ కాలం లెక్కించేది భూమికి, రైతుకు కాదు. కౌలు రైతులు దెబ్బతినేది ఇక్కడే. పరకాల దగ్గర ఒక తమ్ముడు రెండేళ్లు జీవామృతం పోసి, వేపగింజల కషాయం కొట్టి, మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి చేను నిలబెట్టాడు. మూడో ఏడు పట్టాదారు భూమి వెనక్కి తీసుకున్నాడు. కొత్త చేనులో మళ్లీ మొదటి నుంచే. నోటిమాట కౌలు మీద ఈ దారిలోకి దిగొద్దు. కనీసం నాలుగేళ్లకు కాగితం రాయించుకోండి.

ఇక వాట్సాప్‌లో తిరిగే "క్వింటాల్‌కు డబుల్ రేటు" ముచ్చట. ఇది ఎవరు పుట్టిస్తారో గానీ, నమ్మినవాళ్ల ఇళ్లు చూస్తే కోపం ఆగదు. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. ఆర్గానిక్‌కు ఇచ్చేది మార్కెట్ రేటు మీద కొంత అదనం మాత్రమే. అదీ కొనేవాళ్లతో ముందే ఒప్పందం ఉంటేనే. మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గుతుందని కూడా లెక్కలో పెట్టుకోవాలి. మిత్తికి తెచ్చిన పైసలతో ఉన్న ఐదెకరాలూ ఒకేసారి మార్చడం ప్రమాదం. అప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఏ కొత్త రేటైనా దారిలాగే కనబడుతుంది, నాకు తెలుసు. ముందు సర్టిఫికెట్ మాట పక్కనపెట్టి ఒక ఎకరంలో ఈ సాగు నేర్చుకోండి. సంఘంలో నమోదయ్యాక మాత్రం ఒక పక్క బీటీ, ఒక పక్క ఆర్గానిక్ పత్తి వేస్తామంటే తనిఖీలో చిక్కులొస్తాయి.

ఇంత కట్టుదిట్టం ఎందుకని అడుగుతారు. మన దేశంలో సుమారు 20,000 టన్నుల పత్తికి దొంగ ఆర్గానిక్ కాగితాలు పుట్టించారని, ఆర్గానిక్ బట్టలకు అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే గాట్స్ సంస్థ 2020లో బయటపెట్టింది. ఆ మోసంతో నిజాయితీగా పండించేవాళ్ల మీద కూడా అనుమానం పడింది. అందుకే ఇప్పుడు కాగితం ఒక్కటే చాలదు, పత్తికి జన్యుమార్పిడి పరీక్ష కూడా చేయిస్తున్నారు.

మిగతావి క్లుప్తంగా. బీటీ పత్తి బట్ట కడితే దురదలు వస్తాయన్నది పుకారు. మిల్లులో ఉడికించి శుభ్రం చేశాక మిగిలేది సెల్యులోజే. గడ్డిమందు తట్టుకునే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు, ఎవరు ఇచ్చినా కొనొద్దు. కిలో పత్తికి 10,000 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయనే ప్రచారాన్ని మన చెల్కలకు అంటగట్టొద్దు. అది ప్రపంచ సగటు, అందులో వాన నీళ్లు కూడా కలిసే ఉంటాయి. మన దగ్గర పత్తి ఎక్కువగా వానమీదే పండుతుంది.

కొత్తవాడ దర్రీ నేతన్నలు అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఆర్గానిక్ నూలు కొంటే దర్రీ కూడా ఆర్గానిక్ అని అమ్ముకోవచ్చా? ఓసీఎస్ అనే సర్టిఫికెట్ చూసేది నూలులో ఆర్గానిక్ పత్తి ఎంత ఉందన్నదే, రంగుల జోలికి పోదు. గాట్స్ అయితే రంగులు, రసాయనాలు, రంగుల నీళ్లు ఎటు పోతున్నాయన్నది కూడా చూస్తుంది. కొనేవాళ్లకు ఏది కావాలో ఆర్డర్ ఒప్పుకునే ముందే రాతలో తీసుకోండి. నూలు రంగులో ముంచాక తెలిస్తే సరుకు మీ దగ్గరే మిగిలిపోతుంది.