కాలువ గట్టు మీద 500 కిలోమీటర్లు

బుజ్జీ, చిన్నోడా,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అడిగారు, "అమ్మమ్మా, ఫ్రాన్స్‌లో సైకిళ్ళ మీద వెళ్ళారు కదా, అందరికంటే ముందు ఎవరు చేరారు?" అని. ఎవరూ ముందు చేరలేదర్రా. తొమ్మిది మందిమి కలిసి బయల్దేరాం, తొమ్మిది మందిమీ కలిసే చేరాం. వచ్చే మే నెలలో మిమ్మల్ని కూడా తీసుకెళ్తానని పిన్ని అంటోంది. అందుకే ఆ ప్రయాణం ఎలా ఉంటుందో కూర్చుని రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

మేం వెళ్ళింది 2019 సెప్టెంబరులో. అట్లాంటిక్ వైపు ఉన్న బోర్డో నుంచి మధ్యధరా సముద్రం ఒడ్డునున్న సెత్ అనే ఊరి దాకా, దాదాపు 500 కిలోమీటర్లు. మొత్తం 12 రోజులు పట్టింది. అందులో రెండు రోజులు విశ్రాంతి. అంటే రోజుకు 50 కిలోమీటర్లు. వినగానే టెన్షన్ పడకండి. నింపాదిగా తొక్కినా గంటకు 12, 13 కిలోమీటర్లు సాగుతుంది. పొద్దున రెండు గంటలు, భోజనం చేశాక ఇంకో రెండు గంటలు. మిగతా రోజంతా మనదే. నాకప్పటికి 61 ఏళ్ళు. మాలో అందరికంటే చిన్నది పిన్ని స్నేహితురాలి కూతురు, దానికి పదకొండు.

బోర్డో నుంచి మొదటి 50 కిలోమీటర్లు పాత రైలుదారి. పట్టాలు తీసేసి తారు వేశారు. పాత స్టేషన్లలో కొన్ని ఇప్పుడు కాఫీ హోటళ్ళు. ఆ దారికి రోజే లపెబీ అనే ఆయన పేరు పెట్టారు. 1937లో టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు పందెం గెలిచింది ఆయనే. అంతకుముందు ఆ పోటీలో చైన్‌ని ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే గేర్లను ఒప్పుకునేవారు కాదు. కొండ వస్తే దిగి, వెనక చక్రం ఊడదీసి తిప్పి పెట్టుకోవాల్సిందే. ఒప్పుకున్న మొదటి ఏడాదే లపెబీ గెలిచాడు. మీ సైకిలుకున్న గేర్లు మీరు వాడరని నాకు తెలుసు, చిన్నోడు మరీనూ. ఎత్తు మొదలయ్యాక కాదు, ఎదురుగా కనిపించగానే గేరు తగ్గించాలి. మోకాళ్ళు మీవే కదా, వాటిని కాపాడుకోండి.

గేర్ల కోసం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే వాదించినాయన ఇంకొకరున్నారు. పేరు పోల్ ద వివీ, అందరూ వెలోసియో అని పిలిచేవారు. సేంత్ ఎతియెన్ ఊరాయన. 1930లో పోయారు. ఫ్రాన్స్‌లో పందెం కోసం కాక, తిరిగి చూడడానికి సైకిలు తొక్కడం నేర్పిన పెద్దాయన అని చెప్పుకుంటారు. శాకాహారి కూడా, అందుకేనేమో నాకు ఇంకాస్త ఇష్టం. సైకిలు ప్రయాణికులకు ఆయన పెట్టిన నియమాల్లో మూడు మేం రోజూ గుర్తు చేసుకునేవాళ్ళం. ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు. అన్నం సహించనంతగా, నిద్ర పట్టనంతగా అలిసిపోకు. గొప్ప కోసం ఎప్పుడూ తొక్కకు. ఆ మూడోది పాటించడమే కష్టం. పక్కవాడు దాటిపోతుంటే కాళ్ళు ఊరుకోవు.

మా గుంపు నడిచిన పద్ధతి ఇది. ముందు దారి తెలిసిన మనిషి. ఆ వెంటనే పాప. వేగం ఎంతో నిర్ణయించేది అదే, ముందున్నవాళ్ళు కాదు. చిట్టచివర గాలిపంపు, పానాలు, మందుల సంచీ మోసే మనిషి. ఆ మనిషిని దాటి వెనక ఎవరూ ఉండకూడదు. మలుపు వచ్చిన ప్రతిచోటా ఆగి, చివరి మనిషి కంటపడ్డాకే కదలాలి. ఊళ్ళ మధ్య కార్లు తిరిగే రోడ్డెక్కితే ఒకరి వెనక ఒకరు, కుడివైపున. అక్కడ బళ్ళన్నీ కుడివైపే నడుస్తాయి, మొదటి రెండు రోజులూ నాకు ప్రతి కూడలిలో గుండె దడదడలాడింది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్ అక్కడి చట్టం. మీకు పన్నెండు దాటినా నా చట్టం అదే.

మూడో రోజు నుంచి కాలువ గట్టెక్కాం. గరోన్ నది పక్కనే సాగే ఈ కాలువ 193 కిలోమీటర్లు, 1856లో పూర్తయింది. అజాన్ ఊరి దగ్గర కాలువే వంతెనెక్కి నదిని దాటుతుంది. 23 కమానులు, 539 మీటర్లు. కింద నది, పైన పడవలు, పడవ పక్కన మనం. మన గన్నవరం అక్విడెక్టు చూసినదాన్ని కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు గానీ, చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. కోనసీమలో కాలువ గట్టు మీద స్కూలుకు సైకిలు తొక్కిన పిల్లకి ప్రపంచం అవతల అదే వాసన, అదే పచ్చి మట్టీ నీళ్ళ వాసన వస్తే ఎలా ఉంటుందో చెప్పలేను.

తులూజ్‌లో ఒక రోజు ఆగి, అక్కడి నుంచి అసలు కాలువ పట్టుకున్నాం. కెనాల్ దు మిది, 240 కిలోమీటర్లు. మన గోదావరి కాలువలు పొలాలకూ పడవలకూ తవ్వినవి. ఇది పడవల కోసమే తవ్వింది. సరుకు ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి చేరాలంటే స్పెయిన్ చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేది, ఆ బాధ తప్పించడానికి. తవ్వించినాయన పియెర్ పోల్ రికే. ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు, ఇంజనీరు కాదు. 1666లో రాజు పద్నాలుగో లూయీ అనుమతి ఇచ్చాడు. రికే తన సొంత డబ్బు కూడా పోసి, అప్పులపాలై, 1680 అక్టోబరులో కన్నుమూశాడు. కాలువ 1681 మేలో తెరుచుకుంది. ఏడు నెలలు. మన ధవళేశ్వరం ఆనకట్ట కంటే 170 ఏళ్ళ ముందు మాట ఇది.

ఆయనకు తట్టిన ఆలోచన ఏమిటో నోరూజ్ అనే చోట నిలబడితే తెలుస్తుంది. సముద్రమట్టానికి 189 మీటర్లు, దారి మొత్తంలో అదే ఎత్తైన చోటు. కాలువ మిట్ట ఎక్కి దిగాలంటే మిట్ట మీద నీళ్ళుండాలి కదా. ఎక్కణ్ణుంచి తేవాలి? దూరంగా ఉన్న నల్లకొండ వాగులను సాన్ ఫెరెయోల్ చెరువులో నిలవ చేసి, పిల్లకాలువల్లో ఆ మిట్టకు తెచ్చి పోశాడు. అక్కడ నీళ్ళు రెండుగా చీలతాయి, సగం పడమటి సముద్రానికి, సగం తూర్పు సముద్రానికి. పాప ఒక ఎండుటాకు వేసి ఎటు పోతుందో చూస్తూ కూర్చుంది. ఆకు కదల్లేదు. నీళ్ళు అంత నెమ్మది అక్కడ. అయినా అది లేవలేదు, మేమూ తొందరపెట్టలేదు.

ఆ రోజు అక్కడికి చేరడమే గొప్ప. తులూజ్ దాటాక ఎదురుగాలి. ఆగ్నేయం నుంచి వీచే ఆ గాలిని అక్కడివాళ్ళు ఓతాన్ అంటారు. దిగి నడిస్తేనే నయం అనిపించింది. అప్పుడు గుంపు విలువ తెలిసింది. ఒకరి వెనక చక్రానికి రెండు మూరల దూరంలో ఇంకొకరు, అలా తొమ్మిది మందీ ఒకే వరస. ముందున్న మనిషి గాలి మోస్తాడు, వెనకున్నవాళ్ళకు తేలికవుతుంది. ఐదు నిమిషాలకోసారి ముందున్నవాళ్ళు పక్కకు తప్పుకుని చివరికి వస్తారు. నా వంతు వచ్చినప్పుడు నేనూ ముందు నిలిచాను. వంతు లేనిది పాపకు ఒక్కదానికే.

తులూజ్ నుంచి ఓ 50 కిలోమీటర్ల వరకే తారు. ఆ తరవాత మేం వెళ్ళినప్పుడు మట్టిదారి, అడ్డంగా చెట్ల వేళ్ళు. నా వెనక చక్రం పంక్చరైంది. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, బకెట్టులో ముంచి, బుడగలొచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఆగి, ప్యాచ్ అతికించాను. అంతా పద్ధతిగానే చేశాను. రెండు కిలోమీటర్లు పోగానే మళ్ళీ దిగిపోయింది. ముల్లు టైరులోనే ఉంది! ట్యూబు బాగుచేసేటప్పుడు టైరు లోపలంతా వేలితో నెమ్మదిగా తడిమి చూడాలి. ఇది మరవకండి. రెండుసార్లూ కలిపి గంటన్నర ఆలస్యం చేశాను, ఒక్కరూ విసుక్కోలేదు.

ఆ వేళ్ళు ప్లాటాన్ చెట్లవి. రెండు గట్ల మీదా పందిరిలా కమ్ముకుని ఉంటాయి. 2006లో ఈ కాలువ మీద వాటికొక తెగులు కనబడింది. ఒక రకం బూజు చెట్టు లోపలి నీటి దారులను మూసేస్తుంది. మందు లేదు. సోకిన చెట్టునూ చుట్టుపక్కల చెట్లనూ కొట్టి తగలబెట్టడమే. వేల చెట్లు అలా పోయాయి. కొన్నిచోట్ల కిలోమీటర్ల కొద్దీ బోసి గట్టు, చిన్న చిన్న కొత్త మొక్కలు. ఆ ఎండలో తొక్కుతుంటే కడుపులో దేవినట్టయింది. మీరెళ్ళేసరికి ఆ మొక్కలు కాస్త నీడ ఇస్తాయేమో.

తిండి మాట. పల్లెల్లో మధ్యాహ్నం కొట్లు కట్టేస్తారు. ఆదివారం, చాలాచోట్ల సోమవారం కూడా అంతే. పొద్దున్నే రొట్టె, చీజ్, టమాటాలు, పళ్ళు కొనుక్కుని సంచీలో వేసుకోవాలి. దారిలో వచ్చే మ్వాసాక్ ఊరి ద్రాక్షపళ్ళు తేనెలా ఉంటాయి కానీ మేలో దొరకవు. నేను పట్టుకెళ్ళిన కందిపొడి పొడుగు రొట్టెలో వెన్నతో పెట్టి ఇస్తే నాలుగో రోజుకే డబ్బా ఖాళీ. ఎవరి కొట్లోకి వెళ్ళినా ముందు "బోజూర్" అని నమస్కారం చెప్పండి, తరవాతే ఏం కావాలో అడగండి. సీసాలో నీళ్ళయిపోతే ఊరి శ్మశానం దగ్గర కుళాయి ఉంటుంది. అదేం తప్పు కాదు, సైకిళ్ళవాళ్ళంతా అక్కడే పట్టుకుంటారు. తాగే నీరు కాదని బోర్డు ఉందేమో చూసుకోండి.

కార్కాసోన్ కోట చూశాం, జనం మరీ ఎక్కువ. నాకు నచ్చింది బెజియే దగ్గరి ఫోంసెరాన్ లాకులు. మనూళ్ళో లాకుల దగ్గర పడవ ఆగడం, తలుపులు మూయడం, నీళ్ళు నిండగానే పడవ లేవడం మీకు ఎన్నోసార్లు చెప్పాను. అక్కడ అలాంటి తొట్లు మెట్లలా వరసగా ఉన్నాయి, 21 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఒక్కో తొట్టి గోడలు కోడిగుడ్డులా వంపు తిరిగి ఉంటాయి. మొదట్లో వంపు లేని తిన్నని గోడలు కడితే మట్టి ఒత్తిడికి కూలిపోయాయట, అందుకని రికే వంపు పెట్టించాడు.

చివరికి కాలువ లెజోంగ్లు అనే చోట ఉప్పునీటి సరస్సులో కలుస్తుంది. అక్కడొక చిన్న దీపస్తంభం. అక్కడి నుంచి సముద్రం పక్కనే సెత్ దాకా సైకిలు దారి. పాప సైకిలు పడేసి, బూట్లతోనే నీళ్ళలోకి పరిగెత్తింది.

పిన్ని అక్కడ సైకిళ్ళు అద్దెకు మాట్లాడుతోంది, మీ కొలతలు కావాలట. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య లావుపాటి నోట్‌బుక్ పైకి ఆనేలా పెట్టుకోండి. నేల నుంచి దాని పై అంచు దాకా టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాయండి. ఒకరిది ఒకరు కొలవండి. ఆదివారంలోగా నాకు పంపండి.

మీ అమ్మమ్మ