శైలేన్ మన్నా, వెనక లైను: అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతాను, ఎక్కువగా డిఫెన్స్ ఆడేవాళ్లకి. 1951లో భారత జట్టు కెప్టెన్, డిఫెండర్ శైలేన్ మన్నా పేరెత్తితే చాలు, "బూట్లు లేవని వరల్డ్ కప్‌కి రానివ్వలేదట, ఆ టీమ్ కెప్టెనేనా?" అని అడుగుతారు. ఆయనే. కథ మాత్రం అది కాదు.

అపోహ: ఉత్తి కాళ్లతో ఆడతామన్నందుకు 1950లో మనల్ని ఆపేశారు.

వాస్తవం: మనతో పోటీ పడాల్సిన ఆసియా జట్లు తప్పుకోవడంతో బ్రెజిల్ ప్రపంచ కప్‌లో భారత్‌కి ఆడకుండానే చోటు దొరికింది. ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపులో వేశారు. వెళ్లొద్దని నిర్ణయించింది మన ఫుట్‌బాల్ సమాఖ్యే. ప్రాక్టీసుకి టైం చాలదని, జట్టు ఎంపికలో పేచీలున్నాయని కారణాలు చెప్పారు. అప్పట్లో మనకి ఒలింపిక్సే పెద్ద పండగ, వరల్డ్ కప్‌ని ఎవరూ అంతగా పట్టించుకోలేదని మన్నాయే తర్వాత అన్నారు. అయినా నిషేధమే నిజమైతే, రెండేళ్ల తర్వాత హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతో ఎలా ఆడారు?

అపోహ: ఆట రానివాణ్ణి బ్యాక్‌లో, అంటే వెనక డిఫెండర్‌గా, నిలబెడితే సరిపోతుంది.

వాస్తవం: ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. మన్నా కాలంలో మన జట్లు ఎక్కువగా 2-3-5 ఆడేవి. అంటే ముందు అయిదుగురు, వెనక ఇద్దరే. ఒకడు బంతి మీదికి వెళ్తే రెండోవాడు వెంటనే లోపలికి జరిగి కాపు కాయాలి. ఇద్దరూ ఒకేసారి ఎగబడితే ఇక మిగిలేది గోల్‌కీపరే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన్నా కెప్టెన్సీలో ఇండోనేషియాని 3-0తో, అఫ్ఘానిస్థాన్‌ని 3-0తో, ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం గెలిచాం. ఫైనల్లో ఫార్వర్డ్ మేవాలాల్ కొట్టిన గోల్ అందరూ చెప్పుకుంటారు. టోర్నీ మొత్తం మీద మనం తిన్న గోల్స్ సున్నా అని ఎవరూ చెప్పరు.

నేను పిల్లలకి మొదట ట్యాకిల్ (ఎదుటివాడి కాలి దగ్గర బంతి లాక్కోవడం) నేర్పను, నిలబడటం నేర్పుతాను. ఎదుటివాడికి నిటారుగా ఛాతీ చూపిస్తూ నిలబడితే బంతిని కాళ్ల మధ్య నుంచి తోసుకుపోతాడు. ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి, మోకాళ్లు వంచి, ఒంటిని కాస్త పక్కకి తిప్పి, వెనక్కి అడుగులేస్తూ వాణ్ణి టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు తోలాలి. బంతి వాడి కాలికి కొంచెం దూరమయ్యేదాకా కాలు పెట్టకూడదు. మావాళ్లకి రానిదల్లా ఆ ఓపికే. మన్నాకి పేరొచ్చింది మొరటు ఆటతో కాదు, శుభ్రమైన ఆటతో.

అపోహ: బ్యాక్ పని బంతిని బయటికి తన్నడమే.

వాస్తవం: మన్నా ఫ్రీ కిక్‌లకి పేరుమోశారు. పెనాల్టీలూ కొట్టేవారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద మనకి రెండు పెనాల్టీలు దొరికితే రెండూ పోయాయి. అందులో ఒకటి మన్నాది. చివరి నిమిషాల్లో గోల్ తిని 2-1తో ఓడాం. ఆయన్ని పొగిడేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు. నేనైతే పిల్లలకి కావాలనే చెబుతాను.

అపోహ: 1952లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడామంటే డిఫెన్స్ దండగే.

వాస్తవం: స్కోరు నిజం, దాన్ని కప్పిపుచ్చలేం. కానీ యుగోస్లావియా ఆ హెల్సింకి ఒలింపిక్స్‌లో రజతం దాకా వెళ్లింది. పైగా ఆ చలిలో, స్టడ్స్ (జారకుండా బూటు అడుగున ఉండే బుడిపెలు) లేని కాళ్లతో, పరుగు మధ్యలో ఆగి వెనక్కి తిరగాల్సింది బ్యాకే. ఫార్వర్డ్ జారితే పోయేది బంతి, అదే బ్యాక్ జారితే గోలే. ఆ ఓటమి తర్వాత మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

అపోహ: అంత పెద్ద కెప్టెన్ కదా, క్లబ్బుల నుంచి బాగానే వెనకేసి ఉంటాడు.

వాస్తవం: 1942 నుంచి 1960 దాకా ఆయన కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ని వదల్లేదు. కానీ ఇల్లు గడిచింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉద్యోగంతో.

అపోహ: ఇదంతా కలకత్తా గొడవ, మనకేం సంబంధం?

వాస్తవం: 1951 జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. మన్నా పక్కన రెండో బ్యాక్ అజీజ్, హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడు. హాఫ్ లైన్‌లో (2-3-5లో మధ్య ముగ్గురి వరసలో) ఆడిన నూర్ మహమ్మద్‌దీ అదే జట్టు. మా గ్రౌండ్‌లో మన్నా పేరు ఒకరిద్దరైనా విన్నారు, అజీజ్ పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు.