పది రోజుల సెలవులో విదేశీ బైక్ ప్రయాణం: అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో మా ఆఫీసు గోడకు మూడు పటాలుంటాయి. ఉత్తర థాయిలాండ్, నేపాల్, కిర్గిజ్‌స్తాన్. వాటి పక్కన ఒక క్యాలెండరు. వచ్చినవాళ్లు నేరుగా పటాల దగ్గరికి పోతారు. నేను వాళ్లను క్యాలెండరు దగ్గరికి పిలుస్తాను. బ్యాంకులో పనిచేసేవాళ్లు, జిల్లా పరిషత్ బడి టీచర్లు, మందుల షాపు నడిపేవాళ్లు... మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి వరసగా దొరికేది తొమ్మిది పది రోజులు. అందులో బండి మీద గడిచేవి ఎన్ని, రాకపోకలకే పోయేవి ఎన్ని అన్నది తేలితేగానీ ఏ దేశమన్న మాటకు అర్థం లేదు. విదేశీ బైక్ ప్రయాణాలకు ప్లాన్ వేసిచ్చే ఈ పని పన్నెండేళ్లుగా చేస్తున్నాను. ఎక్కువగా వినే మాటలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "పోతే మన బండి మీదే పోవాలన్నా. అద్దె బండి మీద పోతే అదేం ప్రయాణం?"

వాస్తవం: సొంత బండి మీద మమకారం నాకూ ఉంది. అయినా ఒకసారి లెక్క వేద్దాం. మన వాళ్లు ఎక్కువగా అడిగేది నేపాల్‌లోని ముక్తినాథ్. వైష్ణవులకు పవిత్రమైన 108 దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు కూడా అడ్డు చెప్పరు. అనంతపురం నుంచి హైదరాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దుకు సుమారు 1,850 కి.మీ. రోజుకు 460 తోలినా నాలుగు రోజులు. రావడానికి ఇంకో నాలుగు. పది రోజుల సెలవులో నేపాల్‌కు మిగిలేది రెండు రోజులు. సునౌలీ నుంచి పోఖరా చేరడానికే ఒక రోజు పోతుంది. పోఖరా నుంచి జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్ కొండదారి. అది పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు పెట్టుకుంటేనే మనిషికీ బండికీ మంచిది. ఈ లెక్క ఎటు తిప్పినా కుదరదు.

అదే బెంగళూరులో విమానమెక్కి ఖాట్మండులో దిగి, పోఖరాలో బండి అద్దెకు తీసుకుంటే ఐదారు రోజులు పూర్తిగా కొండల్లోనే ఉంటారు. మనకు వీసా అవసరం లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. అన్నపూర్ణ రక్షిత ప్రాంతపు అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి. మనవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, మనవైపే ఉంది. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద మూడు గంటల దారి. ఊళ్లోకి పోయి ట్రాఫిక్‌లో ఇరుక్కునే పని లేదు.

సొంత బండే కావాలని గట్టిగా అనుకునేవాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది. సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ వైపు పోయే రైల్లో బండిని పార్సిల్ చేసి, అక్కడ దించుకోవచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ నకలు ఇవ్వాలి, ప్యాకింగ్ గట్టిగా చేయించాలి. సరిహద్దులో భన్సార్ అనే కస్టమ్స్ రుసుము రోజుల లెక్కన కట్టాలి. అయితే మీరు దిగిన రోజే బండి కూడా దిగుతుందని ఎవరూ పూచీ ఇవ్వరు. బండి ఒక రోజు ఆలస్యమైతే మీ సెలవులో పదోవంతు పోయినట్టే. అందుకే తక్కువ సెలవున్నవాళ్లకు నేను ఈ దారి చెప్పను.

నేపాల్, భూటాన్ దాటి ఇంకా దూరదేశాలకు సొంత బండి అంటే చాలాచోట్ల కార్నెట్ కావాలి. బండిని అక్కడ అమ్ముకోకుండా తిరిగి తెస్తామని ఆ దేశపు కస్టమ్స్‌కు ఇచ్చే హామీపత్రం అది. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. దానికి పెద్ద మొత్తం డిపాజిట్ కట్టాలి. తర్వాత బండి ఓడలో పోవాలంటే వారాలు పడుతుంది. మూడు నెలలు చేతిలో ఉన్నవాళ్లకు అది చక్కని దారి.

అపోహ: "మణిపూర్ దాటితే బర్మా, బర్మా దాటితే థాయిలాండ్. రోడ్డుంది కదా!"

వాస్తవం: ఒకప్పుడు మణిపూర్‌లోని మోరే దగ్గర సరిహద్దు దాటి, బర్మా వైపున్న తమూ మీదుగా మనవాళ్లు పోయిన మాట నిజం. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. 2023 మే నుంచి మణిపూర్ పరిస్థితీ మనకు తెలిసిందే. పాత వీడియోలు చూసి ఈ దారి మీద ఆశ పెట్టుకోవద్దు. ఇక మిగిలింది టిబెట్ మీదుగా పోయే దారి. అందులో చైనా ప్రభుత్వం గైడును, తాత్కాలిక లైసెన్సును, తాత్కాలిక నంబరు ప్లేటును తప్పనిసరి చేసింది. అది పది రోజుల్లో అయ్యే పని కాదు.

అపోహ: "హైదరాబాద్‌కు ఐదు గంటల్లో పోతాం. రోజుకు 500 కి.మీ. మాకొక లెక్కా?"

వాస్తవం: 44వ నంబరు రహదారి మీద గుత్తి, డోన్, కర్నూలు దాటుకుంటూ పోవడం వేరు, కొండదారుల్లో తోలడం వేరు. నేను మొదటిసారి పోయేవాళ్లకు ఎక్కువగా చెప్పేది ఉత్తర థాయిలాండ్‌లోని మే హాంగ్ సాన్ చుట్టు. చియాంగ్ మాయిలో మొదలై పాయ్, మే హాంగ్ సాన్, మే సరియాంగ్ మీదుగా మళ్లీ చియాంగ్ మాయికి వస్తుంది. మొత్తం దూరం దాదాపు 600 కి.మీ. మన హైవే మీద అయితే ఒక పగలు. ఆ దారిలో 1,864 మలుపులున్నాయని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. చియాంగ్ మాయి నుంచి పాయ్ వరకే 762. ప్రతి మలుపుకూ గేరు దించాలి, ఒళ్లు వంచాలి, ముందు చూడాలి. సాయంత్రానికి మణికట్లు, మెడ, తొడలు వేరే లెక్క చెబుతాయి. అందుకే రోజుకు 130 నుంచి 190 కి.మీ. చొప్పున నాలుగు రోజులు వేస్తాను. ఐదో రోజు చియాంగ్ మాయి నుంచి దోయ్ ఇంతనోన్ కొండకు. థాయిలాండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ అదే, 2,565 మీటర్లు.

తొమ్మిది రోజులు నేను ఇలా పంచుతాను. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరి, రాత్రి విమానంలో బ్యాంకాక్. శనివారం మధ్యాహ్నానికి చియాంగ్ మాయి, సాయంత్రం బండి చేతికి. ఆదివారం నుంచి గురువారం దాకా కొండల్లో. శుక్రవారం ఖాళీ. శనివారం తిరుగు విమానం, ఆదివారం ఇంట్లో నిద్ర. వాడిన సెలవులు ఐదు. ప్రభుత్వ ఉద్యోగులు ఒకటి గుర్తుంచుకోవాలి. సీఎల్‌లు, మధ్యలో వచ్చే సెలవులు కలిపి పది రోజులు దాటకూడదు. విదేశానికి పోవాలంటే శాఖ అనుమతి కూడా కావాలి. ఆ కాగితం చేతికొచ్చాకే టికెట్లు కొనండి.

ఎత్తు సంగతి కూడా చెప్పాలి. అనంతపురం సముద్రమట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది. ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్లు. 2,500 దాటితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. వయసు, కండబలం దాన్ని ఆపలేవు. మధ్యలో ఒక రాత్రి ఆగి పైకి పోవడమే మందు. ఆ రాత్రిని మిగిల్చుకుందామని చూసేవాళ్లకు నేను బండి మాట్లాడిపెట్టను.

అపోహ: "ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాం. ఇక ఏ దేశమైనా ఒకటే."

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టిన అపోహ ఇది. మన ఆర్‌టీవో ఆఫీసు వెయ్యి రూపాయల ఫీజుతో ఇచ్చే ఆ పుస్తకం 1949 జెనీవా ఒప్పందం కిందిది. ఒక ఏడాది చెల్లుతుంది. వియత్నాం 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లనే ఒప్పుకుంటుంది. కాబట్టి అక్కడి హా జాంగ్ కొండల్లో మన పర్మిట్‌తో తోలేవాళ్లు చట్టం దృష్టిలో లైసెన్సు లేనివాళ్లే. అద్దెకిచ్చేవాళ్లు ఏమీ అడగకుండా తాళం చేతిలో పెడతారు. అడగలేదు కదా అని అది చెల్లినట్టు కాదు. శ్రీలంకలో మన పర్మిట్‌తో పాటు దాన్ని ఒప్పుకుంటున్నట్టు అక్కడివాళ్లు ఇచ్చే కాగితం కూడా తీసుకోవాలి. చైనా అసలు ఒప్పుకోదు. థాయిలాండ్‌లో మన పర్మిట్ చెల్లుతుంది.

అందులోనూ ఒక మెలిక ఉంది. ఆ పుస్తకం లోపల 'ఎ' అంటే మోటార్‌సైకిల్, 'బి' అంటే కారు. ఏ గడిలో ముద్ర ఉంటే ఆ బండికే చెల్లుతుంది. కొన్నేళ్ల కింద కర్నూలు నుంచి ఒకాయన నా ప్లాన్ మీద చియాంగ్ మాయి పోయాడు. పాయ్ దిగుతుండగా తడి రోడ్డు మీద జారి భుజం ఎముక విరిగింది. ఆసుపత్రి వాళ్లు బాగా చూసుకున్నారు. బిల్లు దగ్గర ఇన్సూరెన్స్ కంపెనీ పర్మిట్ పంపమంది. పుస్తకంలో కారు గడిలో మాత్రమే ముద్ర ఉంది. మన లైసెన్సులో గేరు బండికి అనుమతి ఉన్నా, పర్మిట్‌లో ఆ ముద్ర పడలేదు. కంపెనీ పైసా ఇవ్వలేదు. ఆయన కూతురి కాలేజీ ఫీజు కోసం దాచిన డబ్బులోంచి కట్టుకున్నాడు. పుస్తకం ఉందా అని అడిగాను గానీ లోపలి పేజీ తెరిచి చూడలేదు, ఆ తప్పు నాది. అప్పటి నుంచి పర్మిట్‌లో ముద్రలున్న పేజీ ఫొటో పంపనిదే విమాన టికెట్ గురించి మాట్లాడను. మీరూ ఆర్‌టీవో ఆఫీసు గడప దాటకముందే ఆ పేజీ తెరిచి చూసుకోండి.

అపోహ: "టికెట్‌తో పాటు ట్రావెల్ ఇన్సూరెన్స్ వచ్చింది, చాలదా?"

వాస్తవం: చాలాసార్లు చాలదు. టికెట్‌తో వచ్చే చౌక పాలసీల్లో మోటార్‌సైకిల్ ప్రమాదాలను మినహాయించడం, లేదా ఇన్ని సీసీలకు మించితే వర్తించదనడం మామూలే. మినహాయింపుల పేజీ చదవండి. చదివి అర్థం కాకపోతే ఫోన్ చేసి, జవాబు మెయిల్‌లో రాసి పంపమనండి. సొంత బండి మీద పోయేవాళ్లకు ఇంకోటి. మన మోటారు పాలసీ భారతదేశం వరకే. అదనపు ప్రీమియం కట్టి నేపాల్, భూటాన్, శ్రీలంక, బంగ్లాదేశ్, మాల్దీవులు, పాకిస్తాన్‌లకు పొడిగించుకునే ఏర్పాటు ఉంది. నేపాల్ పోయే పదిమందిలో ఇది చేయించుకున్నవాళ్లు ఒకరిద్దరు కూడా నాకు కనబడరు.

అపోహ: "ఎప్పుడు సెలవు దొరికితే అప్పుడే మంచి కాలం."

వాస్తవం: సంక్రాంతికి సెలవు పెట్టగలిగితే ఉత్తర థాయిలాండ్ బంగారం. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా చలి, ఎండ రెండూ హాయిగా ఉంటాయి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొలాలు, అడవులు తగలబెడతారు. ఎదురుగా ఉన్న కొండ కూడా పొగలో కనబడదు.

టీచర్లకు దొరికేది ఎండాకాలం. మేలో కిర్గిజ్‌స్తాన్ అడుగుతారు. సోంగ్ కుల్ సరస్సు 3,016 మీటర్ల ఎత్తులో ఉంది. జూన్ రాకముందు ఆ దారుల్లో మంచు కరగదు. ఆల్ప్స్ పర్వతాల్లోని స్టెల్వియో కనుమ, 2,757 మీటర్లు, అదీ మే చివరో జూన్‌లోనో తెరుస్తారు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నేపాల్ గానీ భూటాన్ గానీ సరిపోతుంది. భూటాన్‌లో మనవాళ్లు మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి. బడ్జెట్‌లో దాన్ని ముందే రాసుకోండి.

దసరాకు నేపాల్ అంటే వాతావరణం అద్భుతంగా ఉంటుంది. అయితే మన దసరా రోజుల్లోనే వాళ్లకు దశైన్, ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పండుగ. ఆఫీసులు మూసేస్తారు, మెకానిక్కులు సొంతూళ్లకు పోతారు. అనుమతులన్నీ పండుగకు ముందే చేతిలో ఉండాలి.

అపోహ: "పెద్ద బండి లేకపోతే కొండలు ఎక్కలేం."

వాస్తవం: ఇద్దరు ఎక్కినా 300 సీసీ చాలు. బండి తీసుకునేటప్పుడు పాస్‌పోర్టు తాకట్టు పెట్టవద్దు, నగదు డిపాజిట్‌కు ఒప్పుకునే షాపు చూసుకోండి. గీతలు, సొట్టలు అన్నీ షాపు మనిషి ముందే వీడియో తీయండి. హెల్మెట్ ఇంటి నుంచే తీసుకుపోండి. థాయిలాండ్, నేపాల్, భూటాన్‌లలో మనలాగే ఎడమవైపు తోలుతారు. వియత్నాం, కిర్గిజ్‌స్తాన్, యూరప్‌లో చాలా దేశాల్లో కుడివైపు. అలవాటు తప్పేది రద్దీలో కాదు, పొద్దున్నే ఖాళీ రోడ్డెక్కిన మొదటి ఐదు నిమిషాల్లో.

అపోహ: "ఖాళీ రోజు ఎందుకన్నా, అదీ తిరిగేద్దాం."

వాస్తవం: పై ప్లాన్‌లో శుక్రవారం ఖాళీ పెట్టాను కదా, దాన్ని తీసేయమని అడగనివాళ్లు లేరు. రెండేళ్ల కింద ప్రొద్దుటూరు నుంచి నలుగురు పోయారు. మే సరియాంగ్‌లో పొద్దున లేచేసరికి ఒకరి బండి క్లచ్ తీగ తెగి ఉంది. షాపు వాళ్లు చియాంగ్ మాయి నుంచి మనిషిని పంపేసరికి సాయంత్రమైంది. ఆ ఊళ్లో నది ఒడ్డున కూర్చుని, సంతలో తిరిగి, మరుసటి పొద్దున తాపీగా బయలుదేరారు. విమానం అందింది. ఖాళీ రోజు లేకుంటే ఆ చీకట్లో, ఆ మలుపుల్లో 190 కి.మీ. తోలేవాళ్లు.

ఇన్ని చెప్పాక కూడా పోదామనే వాళ్లకు నేను ఒక శని, ఆదివారం అడుగుతాను. శనివారం పొద్దున్నే ఉగ్గాని తిని అనంతపురం నుంచి కదిరి మీదుగా హార్సిలీ హిల్స్ ఎక్కి, అక్కడ రాత్రి పడుకోవాలి. ఆదివారం రాయచోటి మీదుగా గువ్వలచెరువులో కోవా తిని, ఘాటు దిగి, కడప మీదుగా ఇంటికి. విదేశానికి పట్టుకుపోయే బ్యాగే ఈ ప్రయాణంలోనూ బండికి కట్టాలి. ఆదివారం పొద్దున కొండ మీద నిద్ర లేచాక నాకు ఫోన్ చేయమంటాను. నడుము, చేతులు ఎలా ఉన్నాయి, మళ్లీ బండెక్కాలని ఉందా అని అడుగుతాను. ఉందంటే సోమవారం టికెట్లు చూస్తాం.